‘అయ్యో’ అనని ప్లీడరు

బార్ పరీక్ష మర్నాడే. అందుకని ఆ పొద్దున ప్లీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది: మధ్యాహ్నం భోజనంలోపు ‘నిర్లక్ష్యం’ అనే అధ్యాయాన్ని ఇంకోసారి తిరగెయ్యడం. నిజానికి ఆయన ఇంకా ప్లీడరు కాలేదు. నలభై దాటాక మందుల షాపు ఉద్యోగం మానేసి, లా చదివి, బార్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. పిలుపు మాత్రం వీధివాళ్ళు ముందే ఇచ్చేశారు. అందులో గౌరవం పాలెంతో, వెక్కిరింత పాలెంతో తేల్చుకోలేక, పిలిచినప్పుడల్లా ఆయన పలికేవాడు. ఈసారి కూడా తప్పితే మళ్ళీ మందుల షాపుకే వెళ్ళిపోవాలని లోలోపల నిశ్చయించుకున్నాడు. ఆ సంగతి భార్యతో అనడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

భార్య పక్కవీధిలో పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. వెళ్తూ వెళ్తూ, “ఏమండీ, బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పెట్టండి. పుస్తకంలో పడి మర్చిపోయేరు” అంది. “నాన్నా, ఆయన్ని కబుర్లలోకి దించకు” అని తండ్రికీ ఓ మాట అంటించింది. ఆ తండ్రి, అంటే ప్లీడరు మామగారు, బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. కూతుర్ని చూసిపోదామని వచ్చి, అల్లుడి చదువు చూస్తూ కాలక్షేపం చేస్తున్నారు.

ప్లీడరు ఒక చేత్తో నీళ్ళ పైపు, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. ఒకరి తప్పువల్ల ఇంకొకరికి జరిగిన నష్టాన్ని తేల్చే టార్ట్ చట్టానికి ఆయువుపట్టు లాంటి పేజీ అది. ఎదుటివాళ్ళ పట్ల మనం జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉండాలి, ఆ జాగ్రత్త తప్పాలి, తప్పినందువల్లే నష్టం జరగాలి, ఆ నష్టం మామూలు బుద్ధి ఉన్న ఎవరికైనా ముందే తట్టగలిగేదై ఉండాలి. తలెత్తి చూస్తే పిట్టగోడ మీద పెద్ద పూలకుండీ. కింద వీధి. వీధిలో మనుషులు. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న కుండీ ఆయనకి ఆ పూటే ప్రాణాంతకంగా కనిపించింది.

“మామయ్యగారూ, ఓసారి రండి. ఈ కుండీ దించాలి” అని కేకేసి, పైపు పారుతుండగానే నేలమీద పడేశాడు.

మామగారు వచ్చి చేతులు చాచారు. ప్లీడరు అడ్డుపడ్డాడు. “ఒక్క మాట. ఇది బరువు. ఎత్తితే నడుం పట్టెయ్యొచ్చు. అది తెలిసే, నా ఇష్టంతోనే ఎత్తుతున్నానని అనండి.”

“ఎందుకూ?”

“అలా ఒప్పుకుంటే రేపు మీకేమన్నా అయితే బాధ్యత నామీదికి రాదు.”

మామగారు చాచిన చేతులు వెనక్కి తీసుకున్నారు. “కిక్కిరిసిన బస్సులో ఆ చివర్నించి ఈ చివరికి ఈదినవాణ్ణి. కుండీ పట్టుకోడానికి మీకు వాంగ్మూలం ఇవ్వాలా అల్లుడుగారూ?”

“వాంగ్మూలం కాదండీ, సమ్మతి.”

“అయితే ఇవ్వను” అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. ప్లీడరు తనే కుండీని కౌగిలించుకుని లాగాడు. అది ఒరిగి, సగం మట్టి బాల్కనీలో ఒలికి, నీళ్ళు పోయే తూముకి అడ్డం పడింది. పైపు నీళ్ళకి లోపల దారి లేక, అంచు మీదుగా బురదబురదగా కిందికి దిగాయి. కింద టైలరు షాపు.

మెట్లమీద పరుగు వినిపించింది. టైలరు హ్యాంగరుతో సహా ఓ నల్లకోటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కాలరు నించి జేబుదాకా బురద. “ప్లీడరుగారూ, చూడండి” అన్నాడు.

అలాంటప్పుడు ఎవరైనా ‘అయ్యో’ అంటారు. ప్లీడరుకీ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నొచ్చుకున్నట్టు మాట్లాడితే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క అని ఎక్కడో చదివాడు, లేదా చదివాననుకున్నాడు. మాట మింగేశాడు.

“కోటు ఎక్కడ తగిలించారు?”

“షాపు ముందర. ఇస్త్రీ వేడి తగ్గాలని. కానీ నేనొచ్చింది...”

“పైన బాల్కనీ ఉందని తెలిసే తగిలించారు. అంటే ఈ నష్టంలో మీ నిర్లక్ష్యానికీ వాటా ఉంది.”

టైలరు దిక్కుతోచక మామగారి వైపు చూశాడు. “నన్ను చూడకండి. నేను సమ్మతే ఇవ్వలేదు” అన్నారాయన.

“అది కాదండీ, ముందు ఆ...”

“పైగా నీళ్ళు పెట్టమన్నది నేను కాదు, మా ఆవిడ. ఆవిడ చెప్పిన పనిలో జరిగింది కాబట్టి ఆవిడ బాధ్యత కూడా పరిశీలించాలి.”

“పొద్దున్నే పనికి పోయిన పిల్ల నెత్తిన పెడతారా?” మామగారు లేచి నిలబడ్డారు.

“పెట్టడం లేదండీ, పరిశీలిస్తున్నాను.”

నిజం చెప్పాలంటే ప్లీడరుకి ఆ క్షణాన చాలా సంతోషంగా ఉంది. పరీక్ష హాల్లో కలం దాకా రాని సంగతులన్నీ ఇప్పుడు బారులు తీరి వస్తున్నాయి. రెండేళ్ళుగా తనలో లేడనుకున్న ప్లీడరు లోపల ఉన్నాడు! ఆ ఆనందంలో ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడ్డానికి ఆయనకి తీరిక దొరకలేదు.

“ఇంతకీ కోటు ఎవరిది?”

టైలరు కాస్త తడబడ్డాడు. “ఒకావిడ కుట్టమన్నారు. ఇవాళే ఇవ్వాలి.”

“పిలవండి ఆవిణ్ణి. ఇలాంటి షాపులో కోటు కుట్టించడమే ఆవిడ చేసిన పొరపాటు. ఈ నష్టం భరించాల్సింది కోటు యజమానే!”

“ఇలాంటి షాపా?” అన్నాడు టైలరు. గొంతు పెద్దది చెయ్యలేదు. ఫోను తీసి, “అమ్మా, ఓసారి రావాలి. మీరే రావాలి” అన్నాడు.

కాసేపటికి వచ్చింది ప్లీడరు భార్య. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు బాల్కనీలోకి వెళ్ళి కుళాయి కట్టేసింది. నీళ్ళు అప్పటిదాకా పారుతూనే ఉన్నాయి. తరవాత టైలరు చేతిలోంచి కోటు తీసుకుని, బురద మీద వేలితో రాసి చూసింది.

“ఆ కోటు నువ్వెందుకు...” అనబోయి ప్లీడరు ఆగిపోయాడు.

“మీదేనండీ. మీ పాత చొక్కా ఇచ్చి కొలతలు తీయించాను. ఫలితాలొచ్చిన రోజు ఇద్దామనుకున్నాను.”

“పాసయ్యాక కుట్టించొచ్చుగా?”

“పాసయ్యాక ఎవరైనా కుట్టిస్తారు” అంది.

ప్లీడరుకి కళ్ళు చెమర్చాయి. తను ఓటమికి సిద్ధపడుతున్న రోజుల్లోనే, ఈమె కింద అంతస్తులో తన గెలుపుకి గుండీలు కుట్టిస్తోంది. ఆయనకి సిగ్గేసింది. చట్టంలో ఉన్న మాటలన్నీ వెతుక్కున్నా ఒక్కటీ అక్కరకు రాలేదు.

“అయ్యో” అన్నాడు టైలరు వైపు తిరిగి. “తప్పు నాదే. షాపుని అన్న మాట ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించండి.”

“కుళాయి కట్టెయ్యమని చెప్పడానికే వచ్చానండీ నేను” అన్నాడు టైలరు. “ఈ మాట ఇందాకే అనుంటే, బురద తుడిచి, మళ్ళీ ఇస్త్రీ చేసి అమ్మ చేతికిచ్చేవాణ్ణి. ఆవిడ అనుకున్నట్టే జరిగేది. కోటు మీదేనని మీకిప్పుడు తెలిసేదే కాదు.”

మామగారు నెమ్మదిగా వెళ్ళి, అడగకుండానే, సగం ఖాళీ అయిన కుండీని ఓ మూలకి జరిపారు.

“సరే, వేసుకోండి. భుజాలెలా ఉన్నాయో చూద్దాం” అంది భార్య.

“బురదే!”

“మీ బురదేగా.”

ఆయన వేసుకున్నాడు. టైలరు చుట్టూ తిరిగి, చేతులు సవరించి, వీపు మీద ఓ ముడత లాగి, తృప్తిగా తలూపాడు. కోటు ఆయనకి అతికినట్టు సరిపోయింది. ఇక ఆయన కోటుకి సరిపోవడమే మిగిలింది.