దొంగ జేబు

"నేర పరిశోధన కోసమే పుట్టిన బుర్ర ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది నా భుజాల మీదుంది!" అని ప్రకటిస్తూ మా బావ టైలరు కొట్టు గుమ్మానికి ఆ బుర్ర ఠంగుమని కొట్టుకున్నాడు. అక్క మొగుడు కాబట్టి వెంట తిరుగుతున్నాను గానీ, లేకపోతే ఆ బుర్ర ఛాయలకి కూడా వెళ్లేవాణ్ణి కాదు.

పోయింది టైలరుగారి పెద్ద కత్తెర. నిన్న సాయంత్రం నుంచి కనిపించడం లేదు. అనుమానం కాజాలక్క మీద. గుండీలకి కాజాలు కుడుతూ పదేళ్లుగా ఆ మూల స్టూలు మీదే ఉంటోందావిడ. కత్తెర దొరక్కపోతే రేపట్నుంచి రానక్కర్లేదని ఆయన చెప్పేశాడు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. నాకు చాలా బాధేసింది.

"వాంగ్మూలాలు!" అని గర్జించి బావ కోటు సవరించుకున్నాడు. నిన్న ఇక్కడే కుట్టించుకున్న కోటది. డిటెక్టివన్నాక ఉండాలని లోపల పొడుగాటి దొంగ జేబు పెట్టించాడు. ఒక పక్కకి బరువుగా లాగుతోందని పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు.

"కత్తెర కొట్లో ఉంటే బల్లమీదే ఉంటుందండీ," అన్నాడు టైలరు.

"బల్లమీద లేదంటే కొట్లో లేనట్టేనండీ," అంది కాజాలక్క.

బావ చిటికేశాడు. "దొరికారు! ఒకరు ఉందంటున్నారు, ఒకరు లేదంటున్నారు. ఇద్దరిలో ఒకరిది పచ్చి అబద్ధం!"

"రెండూ ఒకటే మాట బావా! ఆవిడ తిరగేసి చెప్పిందంతే. నిజమైతే రెండూ నిజం, అబద్ధమైతే రెండూ అబద్ధం."

"ఒరేయ్ బామ్మర్దీ, చొక్కా తిరగేసి తొడుక్కుంటే ఒకటేనట్రా?"

"చొక్కా అదేగా!"

"నోర్ముయ్! ఎవడి కత్తెర వాడు కాజేసుకోడు. కాబట్టి కాజాలక్కే కాజేసింది. పేరులోనే ఉంది!"

ఆవిడ సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. బావ తీర్పు చెప్పిన ఠీవితో కుర్చీలో కూలబడ్డాడు. మరుక్షణమే "చచ్చాన్రోయ్!" అని ఎగిరాడు. దొంగ జేబు అడుగు చించుకుని కత్తెర మొన బయటికొచ్చింది. ఎంత పెద్ద ఆయుధం పడుతుందో చూద్దామని నిన్న తనే పెట్టి, తీయడం మర్చిపోయాడట.

అయినా తగ్గలేదు. "చూశావా! కత్తెర కొట్లో ఉంది, బల్లమీద లేదు. ఇద్దరూ అబద్ధమే చెప్పారు!"

"నువ్వు దాన్ని జేబులో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేదాకా అది కొట్లోనే లేదు, ఇద్దరిదీ నిజమే బావా! ఇద్దర్నీ ఒక్క దెబ్బకి అబద్ధాలకోర్లని చేసింది నువ్వు."

టైలరు కత్తెర తీసుకుని బల్లమీద పెట్టాడు. కాజాలక్క మొహం చూడలేక, "రేపు కాస్త పెందలాడే రామ్మా, పని చాలా ఉంది," అన్నాడు.

ఆవిడ సంచీ కింద పెట్టి సూదిలో దారం ఎక్కించింది. "ఆ కోటిలా ఇవ్వండి. ఆ జేబు మూతి కుట్టేస్తాను."

"పనిలో పనిగా ఆయన మూతి కూడా, కాజాలక్కా," అన్నాను.

అప్పుడు నవ్విందావిడ.