హుర్కా రొట్టె కొరికిన డిటెక్టివ్

"నేటి నుంచి కుస్కో నగరంలో ఏ నేరస్థుడూ కంటినిండా నిద్రపోలేడు!" అని ఎవారిస్తో వంటింటి కుర్చీ ఎక్కి ప్రకటిస్తున్న క్షణంలోనే యానెత్ ఫోను మోగింది.

ఆ ప్రకటనకి కారణం ఒక భూతద్దం. అంచు విరిగిపోయిందని కళ్లజోళ్ల దుకాణం యజమాని పారేయబోతుంటే, అక్కడ పనిచేసే ఎవారిస్తో దాన్ని రెండు చేతులా అందుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. కొత్త పెళ్లికూతురు కాబట్టి యానెత్‌కి మొగుడు కుర్చీ ఎక్కినా ముద్దుగానే ఉంది. ఫోను చెవికి ఆనించుకుని, "దిగు, పడతావు" అని సైగ చేసింది.

అవతల అరెకిపా నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మల పెద్ద, ఆంపారో గారు.

"అమ్మాయ్, రేపు మమ్మల్ని నువ్వే తిప్పాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయాలి. రాళ్లు చూపించొద్దు, మెట్లు ఎక్కించొద్దు. మా మోకాళ్లు కూడా రిటైరయ్యాయి. కాసేపు కూర్చుని నవ్వుకునే చోటు ఏదైనా ఉంటే చూడు. నచ్చిందా, మా సంఘం మొత్తాన్ని ఇక నీ దగ్గరికే పంపిస్తాను."

యానెత్ ఫోను పెట్టేసి కుర్చీ మీదున్న మొగుణ్ణి కిందికి లాగి వంటిల్లంతా తిప్పేసింది. ఇన్నాళ్లూ వేరేవాళ్ల ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ల యాత్రలు అమ్మింది. ఇది తన సొంతం. రేపు బాగా జరిగితే తన పేరుతో తనే బోర్డు కట్టుకోవచ్చు.

"బోర్డు మీద నా పేరు కూడా వేస్తావా? 'పరిశోధనలు కూడా చేయబడును' అని?"

"ముందు వ్యాను దొరకనీ, మహానుభావా."

తెలిసిన వ్యాను ఒక్కటే ఉంది, సాన్ హెరోనిమోలో ఉండే సతుర్నినో బాబాయ్‌ది. ఎప్పుడు పిలిచినా పలికే మనిషి. ఇవాళ మాత్రం ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి ఎవరో తీశారు, ఊపిరి పీల్చారు, పెట్టేశారు.

"ఊపిరా?" ఎవారిస్తో కళ్లు మెరిశాయి. "భయంతో ఉన్న ఊపిరా, బెదిరిస్తున్న ఊపిరా?"

"జలుబు చేసిన ఊపిరి."

"కిడ్నాప్!" అన్నాడతను. భూతద్దం జేబులో వేసుకుని, ఎండ మండిపోతున్నా పొడుగు కోటు తొడుక్కున్నాడు. "నీకు పేరొస్తుందని కుళ్లుకునే ఎవడో నీ వ్యానువాణ్ణి మాయం చేశాడు. పద!"

వ్యాను లేకపోతే రేపు లేదు, రేపు లేకపోతే బోర్డు లేదు. యానెత్ వెంటనే చెప్పులేసుకుంది.

బాబాయ్ ఇంటి కిటికీలకి తెరలు దించి ఉన్నాయి. తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. పెరట్లో మొక్కజొన్న చొప్ప కుప్పగా పోసి ఉంది. ఆ కుప్పకి చక్రాలున్నాయి.

"ఎవారిస్తో, వ్యాను ఇదిగో."

"ఉండు, నన్ను కనిపెట్టనీ." అతను నేల మీద బోర్లా పడుకుని భూతద్దంతో పాక్కుంటూ చొప్ప దాకా వెళ్లాడు. "ఆహా! అడుగుజాడలు! నేరస్థుడు బక్కపలచని మనిషి. కుడికాలు ఈడుస్తాడు. బూటు మడమ ఊడిపోయి ఉంది. బీదవాడు, నిర్లక్ష్యం మనిషి, ఆఖరికి పెళ్లాం కూడా పట్టించుకోనివాడు..."

"నీ బూటు చూసుకో."

ఎవారిస్తో కాలు ఎత్తి చూసుకున్నాడు. "నన్ను ఇరికించడానికి నాలాంటి బూట్లు వేసుకొచ్చాడు. మనం అనుకున్నదానికన్నా పెద్ద ముఠా ఇది."

యానెత్‌కి నవ్వాగలేదు. ఆమె నోరు మూసుకునేలోపే వీధిలో అడుగుల చప్పుడయింది. ఎవారిస్తో ఆమె చెయ్యి పట్టుకుని మట్టి ఇటుకల దొంతర వెనక్కి లాగాడు.

గుండ్రటి టోపీ పెట్టుకున్న ఒక నడివయసు ఆవిడ వచ్చింది. వీపున రంగుల దుప్పట్లో పెద్ద మూట కట్టుకుంది. మూట పక్కనుంచి సీసా మెడ తొంగిచూస్తోంది. ఆవిడ తలుపు మీద దబదబా కొట్టింది.

"సతుర్నినో గారూ! లోపలున్నారని తెలుసు! పొద్దున కూడా వచ్చాను, ఆ ముందూ వచ్చాను! మీ కుక్క తలుపు సందులోంచి తోకాడిస్తూనే ఉంది!"

లోపల ఏదో గిన్నె పడిన చప్పుడు.

"విన్నావా? బందీ తన్నుకుంటున్నాడు" అని గుసగుసలాడాడు ఎవారిస్తో. "ఈవిడే ముఠా నాయకురాలు."

"కిడ్నాపర్ తలుపు కొట్టి గారూ అని పిలుస్తుందిట్రా బాబూ?"

"అదే వీళ్ల తెలివి."

"మరి ఆ మూటలో ఏముంది?"

"డబ్బయినా అయుండాలి, బాంబయినా అయుండాలి. సీసాలో మత్తుమందు. యానెత్, నాకేమైనా అయితే నా కోటు మ్యూజియానికి ఇచ్చెయ్."

యానెత్ కాలరు పట్టుకునేలోపే అతను లేచిపోయాడు. వ్యాను అద్దానికి తగిలించి ఉన్న బాబాయ్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. గొంతు బొంగురు చేసి, "ఎవరికోసం వెతుకుతున్నావో నేనే ఆ సతుర్నినోని!" అంటూ ఆవిడకెదురుగా నిలబడ్డాడు.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. మొహం వికసించింది.

"బాబూ, మీరేనా! ఇంత చిన్నవాళ్లా! నేను ఎర్మెలిందాని, ఉర్కోస్ పక్క నుంచి వస్తున్నా. మీ మొహం తెలీదు గానీ మీ వ్యాను సంగతి మా ఊరంతా చెబుతుంది." గబగబా మూట దించి ముడి విప్పింది.

మూటలోంచి ఒరోపెసా ఊరి రొట్టె బయటికొచ్చింది. బండి చక్రమంత గుండ్రంగా ఉంది. పైన రంగుల మిఠాయి గుళికలు అద్దారు, నడుమ పిండితో చేసిన పాపాయి బొమ్మ పడుకుని ఉంది.

ఇటుకల వెనక యానెత్ దాన్ని చూడగానే గుర్తుపట్టింది. అది హుర్కా రొట్టె. ఊరి పండగ జరిపే భారం మోసేవాళ్లు సాయం అడగడానికి తెచ్చే రొట్టె. అది కొరికితే అడిగినదానికి ఒప్పుకున్నట్టే. తర్వాత కాలు విరిగినా మాట తప్పకూడదు. అందుకే మూట కనబడకుండా తెస్తారు. అందుకే జనం తలుపులేసుకుని కూర్చుంటారు!

ఎవారిస్తోకి కూడా ఆ రొట్టె సంగతి తెలుసు. కానీ ఆ నిమిషాన అతను కుస్కోవాడు కాదు, డిటెక్టివ్. భూతద్దం తీసి రొట్టె మీద వంగాడు.

"సోంపు... చక్కెర... ఇంకా ఏదో అనుమానాస్పదమైన రుచికరమైన పదార్థం. విషమో కాదో నాలుకే చెప్పాలి."

"తినకు!" అని యానెత్ ఇటుకలు దాటుకుంటూ పరిగెత్తింది. "ఒరేయ్, తినకురా!"

కరకరమని చప్పుడయింది. పాపాయి తల ఎవారిస్తో నోట్లో ఉంది.

"విషం కాదు" అన్నాడు నములుతూ. "వెన్న."

ఎర్మెలిందా రెండు చేతులూ ఆకాశానికెత్తింది. సీసా మూత తీసి నాలుగు చుక్కలు నేలతల్లికి పోసి, మిగతాది గ్లాసులో ఒంపి అతని చేతికిచ్చింది. "ఒప్పుకున్నారు! రేపు మా పండక్కి బ్యాండువాళ్లని మీ వ్యాన్లోనే తీసుకురావాలి! మీరు ఒప్పుకున్నారు!"

తలుపు దభాలున తెరుచుకుంది. ఒళ్లంతా పిండితో, చంకలో కుక్కతో సతుర్నినో బాబాయ్ గంతులేస్తూ బయటికొచ్చాడు.

"వాడు తిన్నాడు! నేను కాదు, వాడు తిన్నాడు! నేను బతికిపోయా!"

"బందీకి విముక్తి!" అని అరిచాడు ఎవారిస్తో.

"బందీ ఏమిట్రా? పొద్దుట్నుంచి పిండి డబ్బాల వెనక దాక్కున్నా. పోయినేడు ఆ బ్యాండువాళ్లు నా వ్యాన్లో ఎక్కి సీట్లు విరగ్గొట్టారు, పెద్ద బాకావాడు కిటికీలోంచి దిగాడు. ఈయేడు నేను చచ్చినా మొయ్యను."

"మరి నేను ఫోన్ చేస్తే ఎందుకు తియ్యలేదు బాబాయ్?" అంది యానెత్.

"ఈ అమ్మ ఎవరి ఫోన్నుంచి చేస్తుందో నాకేం తెలుసమ్మా? పక్కింటివాళ్ల ఫోను, పూజారి ఫోను, అన్నీ అయిపోయాయి."

ఎర్మెలిందా అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇతను సతుర్నినో కాదా?"

"కాదు తల్లీ. కానీ నోరు వీడిదే, మాట వీడిదే. వీడే మొయ్యాలి. బ్యాండుని వీపున కట్టుకుని మోస్తాడో, గాడిదలే తెస్తాడో నాకు సంబంధం లేదు."

యానెత్‌కి ఏడుపొకటే తక్కువ. రేపు పొద్దున టీచరమ్మలకి వ్యాను కావాలి. బ్యాండుకీ వ్యాను కావాలి. వ్యాను ఉన్నవాడు రానంటున్నాడు, నోరు జారినవాడికి సైకిలు కూడా లేదు.

ఎవారిస్తో మాత్రం ఉప్పొంగిపోతున్నాడు. అతని లెక్కలో ఒక అమాయకుడు చెరనుంచి బయటపడ్డాడు. చెర వీడినవాడి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అతని మనసు కరిగిపోయింది.

"అయ్యో బాబాయ్, పొద్దుట్నుంచి నీళ్లైనా ముట్టలేదు కదూ, పాపం" అంటూ చేతిలో ఉన్న రొట్టె విరిచి, గంతులేస్తూ నోరు తెరిచి నవ్వుతున్న బాబాయ్ నోట్లో కుక్కేశాడు.

బాబాయ్ నమిలాడు. ఆకలి మనిషి, ఆలోచించకుండా మింగాడు. ఇంకో ముక్క కోసం చెయ్యి కూడా చాచాడు.

చంకలోని కుక్క కూడా మూతి చాచింది.

చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బాబాయ్ మెల్లగా ఎర్మెలిందా వైపు చూశాడు. ఆవిడ మెల్లగా రెండో గ్లాసు నింపింది.

"ఓరి దరిద్రుడా" అన్నాడు బాబాయ్.

"కేసు మూసేశాం" అన్నాడు ఎవారిస్తో. ఏ కేసో, ఎలా మూశాడో అతనికి తెలీదు.

యానెత్ ఇదేమీ వినడం లేదు. కూర్చుని నవ్వుకునే చోటు, అన్నారు ఆంపారో గారు. ఫోను తీసి, "మేడమ్, రేపు మనతో పాటు వ్యాన్లో ఒక బ్యాండు కూడా వస్తే మీకు అభ్యంతరమా?" అని అడిగింది. అవతలినుంచి వచ్చిన కేక పెరట్లో అందరికీ వినిపించింది. ఎవరో "నా డాన్సు బూట్లు ఎక్కడున్నాయే!" అని అరుస్తున్నారు.

"ఎర్మెలిందమ్మా, భోజనానికి మా టీచరమ్మలు కూడా వస్తారు."

"రానీ తల్లీ. కాల్చిన కూయి పంది మాంసం ఉంది, గినీ పంది అంటారే అదే, మొక్కజొన్న కల్లు చిచా ఉంది. కూర్చోడానికి కుర్చీలున్నాయి, లేవాలంటే పాటలున్నాయి."

యానెత్ మొగుడి తలమీదున్న టోపీ తీసి బాబాయ్ తలకి పెట్టింది. మొగుడి మూతికంటిన చక్కెర చేత్తో తుడిచి, తనూ ఒక కుర్చీ లాక్కుని దానిమీదికెక్కింది.

"అందరూ వినండి! రేపు పొద్దున ముందు బ్యాండుని ఎక్కించుకుంటాం, తర్వాత టీచరమ్మలని. తిపోన్‌లో కాలవల పక్కన కాసేపు, ఒరోపెసాలో పొయ్యిలోంచి తీసిన వేడి రొట్టె, అక్కణ్ణుంచి నేరుగా ఎర్మెలిందమ్మ పండగ. చీకటి పడకముందే కుస్కోకి తిరుగు ప్రయాణం. బాబాయ్, చొప్ప తీసి వ్యాను కడుగు. ఎవారిస్తో, సీట్లు విరక్కుండా పెద్ద బాకాని నువ్వు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ!"