బుడంకాయ్ నెత్తిన బోర్డు

పెద్దదంటే పెద్దదే ఆ అడవి. ఈ కొసన తుమ్మితే ఆ కొస నుంచి "చిరంజీవ" అని వినబడడానికి రెండు రోజులు పట్టేది. అంత అడవికీ ఆఫీసు ఒక్కటే. ఆ ఆఫీసు కాగితాలు మోసే గాడిదా ఒక్కతే. పేరు సూరమ్మ.

సూరమ్మ నోరు విప్పేది కాదు. విప్పితే ఓండ్ర వస్తుంది, ఓండ్ర వస్తే అందరూ నవ్వుతారు. "మంచినీళ్లు కావాలా సూరమ్మా?" అంటే తల ఊపేది. "ఎండ మండిపోతోంది కదా?" అన్నా తలే ఊపేది. ఆఫీసరు నక్క అయితే ఆవిడకి మాటలే రావనుకున్నాడు.

కానీ సూరమ్మకి ఒక రహస్యం ఉంది.

నాలుగేళ్ల కిందటి దాకా ఆ అడవి సెల్‌ఫోన్లలో 'మాయాదుర్గం' అని ఒక ఆట ఉండేది. ఎవరి గూట్లో వాళ్లు, ఎవరి బొరియలో వాళ్లు కూర్చునే అందరూ ఒకే కోటలోకి వెళ్లేవాళ్లు. అక్కడ నచ్చిన వేషం వేసుకోవచ్చు, నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. పక్కనుండే గిన్నికోడి రంగమ్మ అక్కడ ఏనుగంత గదావీరుడు. మన సూరమ్మ సేనాని రణచండి. గొంతు కూడా ఆటే మార్చేసేది. ఇక్కడ ఆవిడ ఓండ్ర పెడితే అక్కడ నగారా మోగినట్టుండేది. "ఎడమకి జరగండి!" అంటే రెండు వందల మంది ఎడమకి జరిగేవాళ్లు.

సర్వరుకి చెదలు పట్టి ఆట మూతపడింది. ఆ నాలుగేళ్లలో సూరమ్మ మాటకి ఒక్క చీమ కూడా పక్కకి జరగలేదు. అసలు ఆవిడ మాట్లాడితే కదా.

ఇన్నాళ్లకి ఆట మళ్లీ తెరిచారు. నక్క రిబ్బను కట్టించి, ఎలుగుబంటి చేత కొబ్బరికాయ కొట్టించి, గంటన్నర ఉపన్యాసం దంచాడు.

"కొత్త సర్వరు! ఈసారి రాతి మీద పెట్టాం, చెదలు ఎక్కలేవు! పాతవాళ్లకి పాత హోదాలే!"

అందరూ ఒక్కసారే మీట నొక్కారు. సూరమ్మకి 'మీ ముందు నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు' అని వచ్చింది. ఆఫీసు ముందు నిలబడి అలవాటైన జంతువులే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. తాబేళ్లు మాత్రం జన్మలో మొదటిసారి వరసలో ముందున్నామని మురిసిపోయాయి.

మూడో రోజుకి సూరమ్మ లోపలికి వెళ్లింది. వెళ్లగానే ఒక కొత్త సిపాయి తగులుకున్నాడు. పేరు బుడంకాయ్ అని పెట్టుకున్నాడు.

"అక్కా, అక్కా! ఆ ఎముకల భూతం నన్నే చూస్తోంది!"

"చూడక, హారతిస్తుందా? డాలు ఎత్తరా ఒరేయ్!"

"డాలు ఎక్కడో పారేసుకున్నానక్కా."

"నీ వీపునే వేలాడుతోంది కదరా దద్దమ్మా!"

ఈలోగా భూతం వాణ్ని తినేసేది. రోజుకి ఎనిమిదిసార్లు చచ్చేవాడు. చచ్చి, కోట గుమ్మంలో మళ్లీ పుట్టి, రొప్పుకుంటూ వచ్చి చీవాట్లు తినేవాడు. "నన్నెవరూ ఇట్లా తిట్టలేదక్కా. భలే ఉంది" అనేవాడు. ఇదేం మేళంరా బాబూ అనుకునేది సూరమ్మ. అయినా వాడు రాని రోజు ఆవిడకి తోచేది కాదు.

ఇదిలా ఉండగా నక్క ఒక సంగతి కనిపెట్టాడు. సింహం రాజుగారు పొద్దువాలితే చాలు గుహ మూసుకుని ఫోను పట్టుకుంటున్నారు.

"ఆటలోకి దయచేస్తున్నారన్నమాట! ఏ పేరుతో తిరుగుతున్నారో ఏమో. ప్రభువులని తెలియక ఏ కుందేలో కాలు తొక్కితే?"

రాజుగారి పుట్టినరోజు దగ్గర్లోనే ఉంది. ఆ సాయంత్రం నుంచి ఆటలో అందరి నెత్తినా అసలు పేరు, జాతి, ఉద్యోగం బోర్డు కట్టాలని సర్వరు చూసుకునే సాలీడుకి ఉత్తర్వు రాశాడు. రాజుగారిని అడిగాడా అంటే, లేదు. ముందే చెప్పేస్తే ఇక కానుకేముంది?

ఆ ఉత్తర్వు మోసుకెళ్లింది సూరమ్మే. దారిలో చదివింది. ఆ పుట్టినరోజు సాయంత్రమే అగ్నిసర్పంతో పెద్ద యుద్ధం. అందరూ చూస్తుండగా రణచండి నెత్తిన 'గాడిద సూరమ్మ, కాగితాల మోత' అని పడుతుంది. మళ్లీ అవే నవ్వులు. ఇక ఎవరు జరుగుతారు ఎడమకి?

అటూ ఇటూ చూసింది. గాడిదే కదా, కాగితం నమిలి మింగేసింది.

మింగాక గుర్తొచ్చింది. ఆ ఆఫీసులో ఏదైనా మూడు ప్రతులు రాస్తారు. మిగతా రెండూ పావురాలు ఎప్పుడో పట్టుకుపోయాయి.

ఇక యుద్ధానికి వెళ్లకూడదనుకుంది. ఆ సాయంత్రం ఫోను గడ్డి కింద దాచింది కూడా. అంతలో గిన్నికోడి రంగమ్మ కంచె మీదికెక్కింది.

"వదినా, నీకు చెప్పినా అర్థం కాదులే గానీ, ఇవాళ మాకు పెద్ద యుద్ధం. మా సేనాని ఉంది చూడు, ఆవిడ ఉంటే నాకు భయమే వెయ్యదు. రాకపోతే అందరం బూడిదే."

సూరమ్మ తల ఊపింది. రంగమ్మ దిగి వెళ్లగానే గడ్డి తవ్వి ఫోను తీసింది.

కోటలో రెండు వందల మందీ బారులు తీరి ఉన్నారు. "సర్పం నిప్పు కక్కగానే డాళ్లు ఎత్తండి. ఆ నిప్పు దాని మొహానికే తిరిగి కొడుతుంది. అంతే పని" అంది సేనాని. సర్పం పడగ విప్పింది. సరిగ్గా అప్పుడే టంగున గంట మోగి బోర్డులు పడ్డాయి.

"నువ్వు గిన్నికోడివా! నీకు దడిసి నేను పక్కదారిన పోతున్నానే!"

"చాల్లే, నువ్వు పందికొక్కువి!"

అంతలో కనబడింది. బుడంకాయ్ నెత్తిన ఇంత లావు అక్షరాలతో బోర్డు: 'శ్రీశ్రీశ్రీ కేసరిదేవ ప్రభువులవారు, సింహం, మృగరాజు'.

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. రాజు కనబడితే చేతిలో ఉన్నది కింద పెట్టి, కళ్లు మూసుకుని, తల నేలకి ఆనించాలి. పుట్టినప్పటి నుంచీ అలవాటు. రెండు వందల మందీ డాళ్లు కింద పెట్టేశారు. కళ్లు మూసేశారు. తలలు ఆనించేశారు.

సర్పానికి ఈ మర్యాద తెలియదు. అది నిప్పు కక్కింది. అందరూ వరసగా వంగి ఉన్నారేమో, దానికి శ్రమ కూడా తగ్గింది.

సూరమ్మ కళ్లు మాత్రం సర్పం మీదే ఉన్నాయి. ఆవిడ ఏ బోర్డూ చూడలేదు.

"ఒరేయ్ బుడంకాయ్! డాలు ఎత్తరా దద్దమ్మా!"

బుడంకాయ్ ఎత్తాడు. జన్మలో మొదటిసారి వేళకి ఎత్తాడు. నిప్పు డాలుకి తగిలి వెనక్కి తిరిగింది. సర్పం తన నిప్పుకి తనే మాడి కూలింది.

"ఎత్తానక్కా! ఎత్తేశా!" అని గంతులేశాడు.

అప్పుడు చూసింది సూరమ్మ వాడి బోర్డు. వాడూ చూశాడు ఆవిడ బోర్డు. ఇద్దరూ ఒక్కసారే ఫోన్లు కట్టేశారు.

మర్నాడు సభ. తన తప్పు కప్పిపుచ్చుకోవాలని నక్క సాలీడు ఇచ్చిన పద్దు గొంతు పెంచి చదివాడు.

"ఈ గాడిద ప్రభువులవారిని 'ఒరేయ్' అన్నది మూడు వందల పద్నాలుగు సార్లు! 'దద్దమ్మా' అన్నది..."

"చాలు" అన్నాడు సింహం. మీసం దువ్వుకున్నాడు. "ఆ బుడంకాయ్ ఎవడో ఈ సభలో ఎవరికైనా తెలుసా?"

"తెలియదు ప్రభూ!" అన్నారు రెండు వందల మందీ.

"నాకూ తెలియదు. ఎవడో పిరికిగొట్టు. వాడికి యుద్ధం చెయ్యడం వచ్చేదాకా ఈమె రోజూ వాణ్ని తిట్టాలి. అదే శిక్ష. నక్కా, ఆ బోర్డులన్నీ ఇవాళే పీకించు. మూడు ప్రతులు రాయి."

సూరమ్మకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెళ్దామని తిరిగితే దారి నిండా జనమే. కంగారులో నోరు జారి ఓండ్ర పెట్టేసింది.

"ఎడమకి జరగండి!"

సభంతా ఎడమకి జరిగింది. సింహాసనం మీద సింహం కూడా జానెడు జరిగాడు. ఎవరూ నవ్వలేదు.

నీతి: రాజుగారికి తల వంచడం మానొద్దు, కాకపోతే వంచేముందు పాము ఎటుందో ఒకసారి చూసుకోండి.