కుడి కంటికి కోచింగ్

“కంటి పరీక్షకి కోచింగ్ ఏమిటండీ, ఎవరైనా వింటే నవ్విపోతారు,” అని రాజ్యశ్రీ ఆ ఉదయం అప్పటికే రెండుసార్లు అంది. రవ్వ వేయిస్తూ ఒకసారి, ఉప్మా గిన్నెలోకి తీస్తూ ఒకసారి.

“పరీక్ష అన్నాక ప్రిపరేషన్ ఉండాలి. మా కాలేజీలో పిల్లల్ని ఊరికే తీసుకెళ్ళి కూర్చోబెట్టేస్తామా?” అన్నాడు ఉమామహేశ్. అతను పటమటలో ఒక కోచింగ్ కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెబుతున్నాడు. రక్తపరీక్షకైనా ముందురోజు ఒకసారి రివిజన్ చేసుకుంటే మంచిదనుకునే మనిషి.

ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు అంటించి ఉంది. పైన చాటంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ ఆవగింజలంత అక్షరాలు. దానికి ఎదురుగా కుర్చీలో అతని తల్లి చౌడేశ్వరమ్మ, అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని కూర్చుంది.

“నాలుగో వరుస చెప్పమ్మా.”

“గళ్ళచీర, అంచు, జరీ, తువ్వాలు.”

“అక్షరాలు చెప్పాలమ్మా, బట్టలు కాదు!”

“అక్షరాలు గుర్తుండట్లేదురా. బట్టలైతే ఉంటాయి. గ, అ, జ, త. సరిపోయిందా?”

“సరిపోయింది. ఆఖరి వరుస?”

“పంచె, డజను, రవికె, నేత. ప, డ, ర, న.”

“శభాష్.”

కూతురు మాధురి ఉప్మా తింటూ, “నానమ్మా, నీ బట్టీ నాకొచ్చుంటే పోయినేడే మెడిసిన్ సీటొచ్చేసేది,” అంది.

చౌడేశ్వరమ్మది నేతవాళ్ళ ఇల్లు. మంగళగిరి, పెడన నుంచి చీరలు తెప్పించి, ముందుగదిలో పెట్టి అమ్ముతుంది. రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. గవర్నర్‌పేటలో ఒక కంటి ఆసుపత్రిలో ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ అయినవాళ్ళకి చూపు ఎంత మెరుగైంది, ఇంటిపనులు ఎలా చేసుకుంటున్నారు అన్నది ఆ ఆసుపత్రి డాక్టర్లు ఏడాదిపాటు గమనించి పరిశోధన చేస్తున్నారు. అందులో చౌడేశ్వరమ్మ కూడా చేరింది.

చిక్కంతా ఆపరేషన్ తర్వాతే మొదలైంది. ఎడమ కన్ను నెమలికంఠం రంగు అన్నదాన్ని కుడి కన్ను పాచిరంగు అనేది. తెల్ల చీరని కుడి కంటితో చూసి మీగడ రంగని చెప్పి అమ్మితే, కొనుక్కుని ఇంటికెళ్ళిన మనిషి తిరిగొచ్చి తగువు పెట్టుకున్నాక, శ్రావణమాసం అమ్మకాలు మొదలయ్యేలోపు రెండో కన్ను కూడా చేయించుకోకపోతే పరువు దక్కదని ఆమెకి అర్థమైంది. అంతలో ఆసుపత్రిలో ఈ పరిశోధన పనులు చూసే నుస్రత్ ఫోన్ చేసింది. “శనివారం రండమ్మా. రెండు కళ్ళూ పరీక్ష చేశాక డాక్టరుగారు కుడి కంటికి డేటు చెప్తారు.”

ఉమామహేశ్ దాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. “సీట్లు తక్కువ, జనం ఎక్కువ. మార్కులు బాగా వచ్చినవాళ్ళకే ముందు డేటు. మన కౌన్సెలింగ్ లాంటిదే,” అన్నాడు. కిందటిసారి వెళ్ళినప్పుడు తల్లి కంట్లో చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకుని ఉండగా, అతను పరీక్ష కుర్చీలో కూర్చుని గోడమీది చార్టంతా మందుల బిల్లు వెనక రాసుకొచ్చాడు. ఇంట్లో తయారైన చార్టు దాని పెద్ద నకలే.

ఆసుపత్రిలో ముందుగా రోజువారీ పనుల గురించిన ప్రశ్నలు అయ్యాయి.

“బస్సు బోర్డు చదవడం కష్టంగా ఉందామ్మా?” అంది నుస్రత్.

“నేను ఆటోలో తిరుగుతానమ్మా.”

“సూదిలో దారం?”

“అది మా కోడలు ఎక్కిస్తుంది.”

నుస్రత్ నిట్టూర్చి, చార్టు ముందు కూర్చోబెట్టింది. చౌడేశ్వరమ్మ ఎడమ కంటితో గడగడా చివరిదాకా చెప్పింది. ఆఖరి వరుస దగ్గర నుస్రత్ కాస్త ఆగి, చార్టు వంకా ఆమె వంకా చూసి, మళ్ళీ రాసుకుంది. తర్వాత కుడి కన్ను. ఆ కంటికి చార్టు కనిపించలేదు. ఆరేసిన పాత దుప్పటి లాంటిదేదో గోడకి వేలాడుతున్నట్టుంది. అయినా నోరు ఆగలేదు. పెదవుల లోపల గళ్ళచీరా, జరీ అనుకుంటూ, పైకి మాత్రం అక్షరాలు చెబుతూ ఆఖరి వరుస దాకా దిగిపోయింది.

తలుపు దగ్గర నిలబడిన ఉమామహేశ్ బొటనవేలు చూపించాడు.

నుస్రత్ మాత్రం కలం పక్కన పెట్టేసింది. “ఈ కంటికి ఇంత బాగా కనిపిస్తుంటే ఇప్పుడు ఆపరేషన్ ఎందుకమ్మా? డేటు ఇవ్వరు. బయట కూర్చోండి, డాక్టరుగారితో మాట్లాడి వస్తాను.”

హాల్లోకి వచ్చేసరికి రాజ్యశ్రీ తట్టుకోలేకపోయింది. “ఇదేనా మీ ఫస్టు ర్యాంకు? ఆపరేషన్ లేకుండానే పాస్ చేయించేశారు!”

“నెమ్మదిగా అనవే. శుక్లం ఉన్న కంటితో ఆఖరి వరుస చదివిందని అందరూ వింటారు.”

అందరూ విన్నారు. పక్కనే ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఆపరేషన్ కోసం కూర్చున్న ఇబ్రహీంపట్నం పుల్లయ్య ఇటు తిరిగాడు. “అమ్మా, ఆపరేషన్ అవకుండానే ఆఖరి వరుస కనపడిందా? ఏం తింటారు మీరు?”

అబద్ధం చెప్పడం రాదు, నిజం చెబితే కొడుకు పరువు పోతుంది. చౌడేశ్వరమ్మ తడబడి, నిన్న నిజంగా తిన్నదే చెప్పింది. “ఏముంది బాబూ, పొన్నగంటికూర పప్పు.”

కంటికి పొన్నగంటికూర మంచిదని చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్ళే అక్కడున్నవాళ్ళంతా. ఆ మాట మొదటి బెంచీలో పప్పుగా బయలుదేరి, మూడో బెంచీకి కషాయమై, తలుపు దగ్గరికి చేరేసరికి కంట్లో పిండుకునే పసరు అయింది.

“రోజుకెన్ని చుక్కలంట?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

“ఆపరేషన్ ఎక్కడికి పోద్దండీ, ముందు కూర సంగతి చూద్దాం,” అని పుల్లయ్య టోపీ తీసేశాడు. ఇద్దరు ఆడవాళ్ళు సంచులు సర్దుకున్నారు. నర్సు వచ్చి పేర్లు పిలుస్తుంటే పలికే దిక్కు లేదు. డాక్టర్ పాల్ కంగారుగా బయటికొచ్చాడు. “ఏమిటిది? నా స్టడీలో పేషెంట్లంతా లేచిపోతున్నారేంటి? ఆ పసర్లు కంట్లో పోసుకుంటే ఉన్న చూపు పోతుందండీ!”

ఎవరూ వినలేదు. గుమ్మం దాటుతున్న పుల్లయ్యని చూశాక ఉమామహేశ్ క్లాసులో వాడే గొంతు తీశాడు.

“అందరూ కూర్చోండి!”

అందరూ కూర్చున్నారు.

“మా అమ్మకి కుడి కన్ను కనపడదు. ఆ అక్షరాలు నేనే బట్టీ పట్టించాను. పొన్నగంటికూరకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.”

“చదువుకున్నోళ్ళు చేసే పనేనా అండీ?” అని పుల్లయ్య టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

డాక్టర్ పాల్ ముగ్గురినీ లోపలికి పిలిచి, గోడమీది చార్టు తీసి మరొకటి తగిలించాడు. “ఇప్పుడు కుడి కంటితో చదవండమ్మా.”

చౌడేశ్వరమ్మ మెడ ముందుకు చాపి చాలాసేపు చూసింది. “ఇది సిలబస్‌లో లేదు బాబూ.”

డాక్టరు నవ్వాపుకుని, ఆ కంటికి ఆపరేషన్ తప్పనిసరి అన్నాడు. వచ్చే గురువారం ఒక్కటే ఖాళీ ఉందనీ, అది దాటితే వినాయకచవితి వెళ్ళాకే అనీ చెప్పాడు. చౌడేశ్వరమ్మకి ప్రాణం లేచొచ్చింది. గురువారమే రాసుకోమంది.

“సార్, ఒక్క విషయం,” అంది నుస్రత్. “ఆపరేషన్ అయిన కంటితో కూడా ఆఖరి వరుస నాలుగక్షరాలూ తప్పే చెప్పారు. ఆ కంటికి అవి కనపడాలి కదా?”

“కనపడ్డాయమ్మా,” అంది చౌడేశ్వరమ్మ. “అక్కడ వేరే అక్షరాలే ఉన్నాయి. కానీ మావాడు లెక్చరరు, తప్పు నేర్పుతాడా? నా కన్నే పొరబడిందేమోనని వాడు చెప్పిందే చెప్పాను.”

“తప్పేం కాదండీ,” అన్నాడు ఉమామహేశ్ రోషంగా. “ఈ కుర్చీలోనే కూర్చుని స్వయంగా చూసి రాశాను. పాత చార్టు పెట్టండి.” పెట్టారు. కూర్చున్నాడు. “ప, డ, ర, న!” అని క్లాసులో జవాబు చెప్పినట్టు చెప్పాడు.

చార్టు మీద వ, ద, ఠ, స ఉన్నాయి.

డాక్టర్ పాల్ అతని గడ్డం యంత్రం మీద ఆనించి, లైటు వేసి రెండు కళ్ళూ చూశాడు. “మాస్టారూ, రెండింటిలోనూ శుక్లం ఉంది. ఎడమది బాగా ముదిరింది. షుగరుందా?”

“బోర్డర్‌లో ఉందన్నారు. నాకింకా యాభై కూడా రాలేదండీ.”

“దానికి వయసు లెక్కలుండవు. బండి నడుపుతున్నారా?”

“రోజూ పొద్దున్నే అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని బెంజిసర్కిల్ ట్రాఫిక్ దాటిస్తారండీ,” అంది రాజ్యశ్రీ. అని, తను అన్నదానికి తనే ఉలిక్కిపడింది. ఈ ఏడాది బ్యాచ్‌లో వెనకబెంచీ పిల్లలు ఎంత బుద్ధిమంతులో అని అతను ఎందుకు పొంగిపోతున్నాడో కూడా ఆమెకి అప్పుడే తెలిసింది.

ఇంటికి వచ్చాక ఉమామహేశ్ చాలా కారణాలు చెప్పాడు. సిలబస్ పూర్తవాలి, సెలవు దొరకదు, ఎడమ కన్ను అంతగా పనిలేని కన్ను. తల్లి ముందుగదిలోకి వెళ్ళి శ్రావణానికి తెచ్చిన చీరల కట్టల మధ్య కాసేపు కూర్చుంది. ఒక పెడన చీర విప్పి, కుడి కన్ను మూసి చూసింది, ఎడమ కన్ను మూసి చూసింది, మడతపెట్టేసింది. తర్వాత ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

రాత్రి నలుగురూ భోజనాలకి కూర్చున్నాక, పెరుగు గిన్నె దగ్గరికి జరుపుకుంటూ మామూలుగా చెప్పింది. “నుస్రత్‌కి ఫోన్ చేశాను. గురువారం డేటు ఉమామహేశ్‌కి మార్పించాను. నాది చవితి వెళ్ళాక. వాడి కళ్ళు బాగయ్యేదాకా మాధురి ఆటోలో వెళ్తుంది, బండి తాళం నా దగ్గరుంటుంది.”

“మరి శ్రావణం అమ్మకాలో, అత్తయ్యా?”

“కుడి కన్ను మూసుకుని అమ్ముతాను. ఒంటికంటితో చూస్తే బేరం ఆడేవాళ్ళూ జంకుతారు.”

ఆ మాటకి ఎదురు చెప్పవలసిన ఉమామహేశ్ గోంగూర పచ్చడిని పప్పనుకుని గరిటె నిండా వడ్డించుకుంటున్నాడు.