నొప్పి పోయిన మాస్టారికి సన్మానం

మా వీధి టైలరు మాస్టారి రెండు కాళ్ళ నొప్పీ సంపూర్ణంగా, శాశ్వతంగా నయమైనదని వీధి వ్యాపారుల సంఘం తరఫున ప్రకటించి, కింద సంతకం పెట్టినవాణ్ణి నేనే. ఆ ప్రకటన చదివిన గంటలోపే ఆయన్ని నలుగురం ఆసుపత్రికి మోసుకెళ్ళవలసి వచ్చింది. అంతమాత్రాన ప్రకటన అబద్ధమని కొందరు గిట్టనివాళ్ళు అంటున్నారు. అప్పటికి ఆయనకి నొప్పి లేదన్నది అక్షరాలా నిజం. రికార్డులో ఉంది.

మాస్టారి కొట్టు నా జిరాక్సు షాపుకీ, సంఘం అధ్యక్షుల వారి ఇనప సామాన్ల షాపుకీ మధ్యన ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన ఉత్తి కాళ్ళతోనే మిషను తొక్కుతున్నాడు. చెప్పులు వేసుకుంటే పెడలు మాట వినదట. కుట్టు ఎక్కడ ఆపాలో ఆయన కాలికి తెలిసినంత కంటికి కూడా తెలియదు. వెనక ముక్కాలిపీట మీద కూర్చుని ఆయన భార్య హుక్సులూ గుండీలూ కుడుతుంది. ఆ కాళ్ళు ఆడితేనే ఆ ఇద్దరికీ పూట గడుస్తుంది.

కిందటేడు ఒకరోజు మాస్టారు మా దగ్గరికొచ్చి, "అరికాళ్ళల్లో ఒకటే మంటండీ. సూదులతో గుచ్చుతున్నట్టుంది. పడుకుంటే దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నా" అన్నాడు.

"సూదుల మధ్య కూర్చుని పూలు తగిలినట్టుండాలంటే ఎలాగయ్యా?" అన్నారు అధ్యక్షుల వారు. అందరం నవ్వాం. మాస్టారు కూడా నవ్వాడు. గుడ్డ చాలదని కూడా ఎవరి మొహం మీదా చెప్పలేని మొహమాటస్తుడాయన.

అయితే ఇలాంటి విషయాల్లో మా సంఘం ఆలస్యం చేయదు. వీధి మొదట్లో మురుగుకాలవ మూత పోయి రెండేళ్ళయింది, దాని సంగతి వేరు. సాయంత్రానికల్లా నరాల ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుల వారి తోడల్లుడికి ఒకప్పుడు మెడ పట్టేసింది గనక, అనుభవం దృష్ట్యా దీనికీ అధ్యక్షుల వారే అధ్యక్షులు. మాస్టారి బావమరిది ఖాళీగా ఉన్నాడు గనక సభ్యుడు. నాకు జిరాక్సు మిషను ఉంది గనక నేను కార్యదర్శిని.

మొదటి సమావేశంలో కారణం తేల్చాం. సిమెంటు గచ్చు చల్లదనం కాళ్ళలోకి ఎక్కిందనీ, తమ షాపులో దొరికే రబ్బరు పట్టా వేస్తే తగ్గుతుందనీ అధ్యక్షుల వారు సెలవిచ్చారు. కాదు, ఒంట్లో వేడి పెరిగి కిందికి దిగిందని బావమరిది. ఇద్దరినీ నొప్పించడం ఇష్టంలేక, కిందనుంచి చల్లదనం, పైనుంచి వేడి బయల్దేరి, మోకాలి దగ్గర రాజీ కుదరక నరాల మీద పడ్డాయని నేను రాశాను. ముగ్గురం సంతకాలు పెట్టాం.

నా వంతుగా కంప్యూటరులో వెతికి నరాల నొప్పి మీద రెండు పేజీలు తీశాను. మొదటి పేజీలో కారణాలున్నాయి: షుగర్ వ్యాధి, బి పన్నెండు విటమిను తగ్గడం, థైరాయిడ్, నడుము దగ్గర నరం నొక్కుకుపోవడం, తాగుడు, కొన్ని రకాల మందులు. ఏది కారణమో తేలితేగాని వైద్యం మొదలుపెట్టకూడదనీ, ముందు రక్తపరీక్ష చేయించుకోవాలనీ కూడా ఉంది. రెండో పేజీలో నూనెలూ కాపడాలూ బొమ్మలతో సహా ఉన్నాయి. నొప్పితో ఉన్న మనిషికి కారణాలు చదివే తీరికెక్కడిది? కాగితం ఆదా అవుతుందని రెండో పేజీ మాత్రమే రెండువందల ప్రతులు తీసి వీధంతా పంచాను.

మాస్టారి భార్య ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, "మీరు పంచని కాగితంలో రక్తపరీక్షని ఉందటగా అన్నయ్యగారూ. ఒకసారి చేయిస్తే పోయేదేముంది?" అంది.

"ఏమ్మా, నొప్పెక్కడ? కాల్లో. రక్తం ఎక్కడ తీస్తారు? చేతిలో. ఆమాత్రం ఆలోచించక్కర్లేదూ?" అన్నారు అధ్యక్షుల వారు. ఆవిడ తిరిగి గుండీలు కుట్టుకోవడానికి వెళ్ళిపోయింది. తీర్మానం ఏకగ్రీవమని రాసుకున్నాం.

ఇక వైద్యానికి లోటేమిటి? కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా ఒక చిట్కా ఇచ్చి మరీ వెళ్ళేవారు. పొద్దున ఒక నూనె, మధ్యాహ్నం దానికి విరుగుడు నూనె. కాలివేళ్ళకి రాగి తీగలు. బుడిపెల చెప్పులేసుకుని అరగంట నడక. ఎవరో ఇచ్చిన ఎర్రమాత్రలు, ఎవరో ఆపమన్న నల్లమాత్రలు. మాస్టారు ఎవరినీ కాదనలేదు. వేడినీళ్ళ సంచీతో కాపడం పెట్టినరోజున అరికాలు బొబ్బలెక్కినా ఆయన కిక్కురుమనలేదు. వైద్యం పనిచేస్తున్నదనడానికి దాన్నే తొలి నిదర్శనంగా నమోదు చేశాం.

ఎనిమిదో నెలలో మాస్టారు వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. "మంట లేదు, పోటు లేదండీ. అసలు కాళ్ళున్న సంగతే తెలియట్లేదు!"

ఆయన్ని కావలించుకున్నాం. ఆ వారంలోనే అధ్యక్షుల వారి కొత్త ప్యాంటు కుట్టు మోకాలు దాటాక పక్కదారి పట్టింది. "కాలు పెడలు మీదుందో లేదో వంగి చూసుకుని తొక్కుతున్నారండీ ఈయన. నాకు భయంగా ఉంది" అని భార్య మొర పెట్టుకుంది. "చూశావా అమ్మా, పని మీద ఎంత శ్రద్ధ పెరిగిందో" అని ఆవిడకి ధైర్యం చెప్పాం.

సన్మానసభ ఇనప సామాన్ల షాపు ముందరే జరిగింది. బల్లలు కలిపి, వాటి మీద మాస్టారి కొట్లోని తెల్ల లైనింగు గుడ్డే పరిచాం. అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఏసీ గదుల్లో కూర్చునే పెద్ద పెద్ద డాక్టర్లు చేయలేని పని మన వీధి చేసింది! పరీక్షలు లేవు, స్కానింగులు లేవు, డాక్టరు గడప తొక్కింది లేదు. ఐకమత్యమే మన మందు! ఈ మనిషి కాళ్ళలో నొప్పెక్కడుందో ఎవరైనా చూపిస్తే ఇక్కడికిక్కడే మీసం తీయించుకుంటాను!"

చప్పట్ల మధ్య మాస్టారు ప్రశంసాపత్రం అందుకోవడానికి ఉత్తి కాళ్ళతో నడిచొచ్చాడు. ఆయన వెనకాల తెల్లగుడ్డ మీద అడుగడుగునా ఎర్రటి మరక. చూసింది ఆయన భార్య ఒక్కతే. గబగబా బల్లెక్కి ఆయన్ని కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుంది. చిటికెన వేలి మొదట్లో విరిగిన మిషను సూది, సగం ముక్క. చుట్టూ నల్లబడి వాసనేస్తోంది. నాలుగురోజుల కిందట సూది విరిగితే, ముక్క కోసం అయస్కాంతం పట్టుకుని కొట్టంతా వెతికి, దొరక్క ఊరుకున్నారట.

"నొప్పెట్టలేదా?"

"లేదే!" అన్నాడు మాస్టారు, ముందు గర్వంగానే. మరుక్షణం ఆయన మొహం పాలిపోయింది. కాలిని తడుముతూ, "ఇది పోతే మిషనెవరు తొక్కుతారే?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ మా వైపు తిరిగింది. "అందరూ చేరి నొప్పి పోగొట్టామని చప్పట్లు కొడుతున్నారు గదా! ఆ నొప్పే ఉండుంటే నాలుగురోజుల కిందటే కేకేసుండేవాడు గదయ్యా నా మొగుడు!"

ఈ మాటలు సన్మానసభ మర్యాదకు తగినవి కావు గనక రికార్డులో చేర్చలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాదం చూసి, "మీకు షుగర్ ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"లేదని ఎలా తెలుసు?"

"ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు గదమ్మా."

అదే చేతిలో రక్తం తీశారు. షుగర్ ఆకాశంలో ఉంది, బి పన్నెండు పాతాళంలో ఉంది. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో వారం ఆలస్యమైతే పాదమే తీయాల్సొచ్చేదట. తర్వాత షుగరుకి మందులు, విటమినుకి సూదిమందు, రాత్రిపూట నరాల మంటకి ఒక గోళీ. ఉత్తి కాళ్ళతో నడవకూడదు. రోజూ అరికాళ్ళు పరీక్షగా చూసుకోవాలి. మాస్టారి భార్య కొట్లో అద్దం కిందికి దించి, రోజూ పొద్దున్నే ఆయన పాదాలు దాంట్లో చూపించడం మొదలుపెట్టింది. ఇంత చప్పగా ఉండే వైద్యానికి ఎవరు మాత్రం చప్పట్లు కొడతారు?

నాలుగునెలలకి మాస్టారు మెత్తటి బూట్లేసుకుని మళ్ళీ మిషను దగ్గర కూర్చున్నాడు. "కొంచెం కొంచెంగా తెలుస్తోందండీ. రాత్రి మళ్ళీ చురుక్కుమంది!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు. నొప్పి తిరిగొచ్చిందని సంబరపడే మనిషిని నేను అదే చూడడం.

సంఘం వెంటనే అత్యవసరంగా సమావేశమైంది. మేము అప్పగించేనాటికి వేళ్ళు పది, నొప్పి సున్నా. ఆసుపత్రి వారు తిరిగిచ్చేనాటికి వేళ్ళు ఎనిమిది, నొప్పి హాజరు. చక్కగా నయమైన మనిషిని పాడుచేసినందుకు డాక్టరమ్మని ఖండిస్తూ తీర్మానం చేశాం. మీసంతోనే అధ్యక్షుల వారు సంతకం పెట్టారు.

నెలరోజులుగా నాకూ అరికాళ్ళు మండుతున్నాయి. మొన్న షాపు మూసి ఇంటికి బయల్దేరితే మాస్టారు వెనకనుంచి కేకేశాడు. "ఏవండోయ్! ఒక కాలికి చెప్పు లేదు, చూసుకున్నారా? రేపు పరగడుపున నాతో రండి, రక్తం ఇచ్చొద్దాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది వేళ్ళవాడొచ్చి పది వేళ్ళవాడికి చెబుతాడా! ఉపసంఘాన్ని మళ్ళీ పిలిచాను. జిరాక్సు మిషను వెలుతురు కాళ్ళలోకి దిగిందని ఇప్పటికే తేలింది. వైద్యానికి చిట్కాలు కావాలి. ఇది చదువుతున్న మీకూ ఏదో ఒకటి తెలిసే ఉంటుంది, చెప్పండి. తెలియకపోయినా ఫరవాలేదు. మాస్టారికి మేం చెప్పింది మాత్రం తెలిసి చెప్పామా?