హోల్ట్ కాలనీలో నామకరణం

అడవి కొట్టేసి, ఆ స్థలానికి అడవి పేరే పెట్టే బిల్డర్లకు మనం సాష్టాంగ నమస్కారం చేయాలి! వాళ్లను ఆడిపోసుకునేవాళ్లు ఇంగ్లండ్‌లో, డెవాన్‌లోని మా కాలనీని చూడలేదు, అంతే.

మా కాలనీ పేరు హోల్ట్. పాత ఇంగ్లీషు మాట. చిన్నపాటి అడవిని హోల్ట్ అంటారు. వాగు గట్టున నీటికుక్క కాపురముండే బొరియనూ హోల్ట్ అనే అంటారు. మా బిల్డర్ ఏ అర్థానికీ అన్యాయం చేయలేదు. అడవినీ కొట్టించాడు, బొరియనూ పూడ్పించాడు. ఆ తర్వాతే బోర్డు పెట్టాడు.

నష్టమేముంది చెప్పండి? నిజం అడవి ఆకులు రాల్చి కార్లు పాడుచేస్తుంది. బోర్డు మీది అడవి ఒక్క ఆకైనా రాల్చిందా? నిజం నీటికుక్క దగ్గర చేపల కంపు. మా గేటు మీది ఇత్తడి నీటికుక్కకు వారం వారం పాలిష్! ఇక పక్షుల కూతలు సేల్స్ ఆఫీసు స్పీకర్లో వస్తాయి. విసుగేస్తే ఆపేసుకోవచ్చు. అడవిలో ఆ సౌకర్యం ఏదీ?

ఇంతటి గౌరవం జంతువులకేనా, మనుషులకు లేదా అని బాధపడేవాణ్ని. నిన్నటితో అదీ తీరింది.

కాలనీ పక్కనే మ్యూరియల్ టాప్‌స్కాట్ అనే పెద్దావిడ ఇల్లూ, ఆపిల్ తోటా ఉన్నాయి. చచ్చినా అమ్మనంటుంది. రెండో విడత ఇళ్ల మీద జనం అభిప్రాయాలు అడగడానికి కంపెనీ వాళ్లు ఊరి హాల్లో టీ, బిస్కెట్లు పెట్టారు. కంపెనీ ఉద్యోగి రూపర్ట్ ప్లాను పరిచాడు.

"మ్యూరియల్ గారూ, శుభవార్త! కొత్త వీధికి మీ పేరే. టాప్‌స్కాట్ తోట!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఆవిడ మాత్రం బిస్కెట్‌ను టీలో ముంచి అలాగే ఉండిపోయింది. అది కాస్తా విరిగి కప్పులో పడింది.

"అయితే నన్నెప్పుడు వెళ్లగొడుతున్నారు బాబూ?"

"అయ్యో, అవేం మాటలండీ! ఇది మీకు గౌరవం."

"నీటికుక్కకూ చేశారుగా ఈ గౌరవం. మళ్లీ కనబడిందా?"

రూపర్ట్ ప్లాను చుట్టేయబోయాడు. నేను వంగి చూశాను. టాప్‌స్కాట్ తోట వీధి సరిగ్గా ఆవిడ వంటింటి మీదుగా పోతోంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకా పేరు పెట్టని సందొకటి మా పెరట్లోంచి, మా ఇంటి హాల్లోంచి దూసుకుపోయి పెద్ద రోడ్డులో కలుస్తోంది.

రూపర్ట్ పెన్ను తీసి నావైపు తిరిగాడు. "సార్, మీ ఇంటిపేరు కాస్త నెమ్మదిగా చెబుతారా?"

"చెప్పు నాయనా, సిగ్గుపడకు," అంది మ్యూరియల్. "ఈసారి చప్పట్లు నేను కొడతాను."