రెండు నిమిషాల అమ్మ

తీర పటాల సంస్థ కాకినాడ కార్యాలయంలో కొత్త కంప్యూటర్లను సిద్ధం చేసే పనిని యంత్రానికి అప్పగించాక, కంప్యూటరుతో పాటు దాని ముందు కూర్చున్న ఉద్యోగి కూడా పదకొండు నిమిషాల్లో సిద్ధమైపోతున్నాడు. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. అంతకుముందు సాంకేతిక సహాయకుడు త్రిమూర్తులు ఒక్కో పెట్టె విప్పి, తీగలు కలిపి, ప్రోగ్రాములు ఎక్కించి, ప్రింటరు జతచేసి, యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టి అప్పగించేసరికి ఒక పూట పట్టేది. ఆ తర్వాత ఉద్యోగికి పని పట్టుబడటానికి మూడేళ్లు పట్టేది. ఇప్పుడు కొత్త ఉద్యోగి కుర్చీలో కూర్చుని మౌస్ మీద చెయ్యి పెడితే చాలు. తెర మీద నీలిగీత ఎడమనుంచి కుడికి పాకుతుంది. అది చివరికి చేరేసరికి పాత పటాల మీది గళ్ల సంఖ్యలు, సెలవు చీటీ రాసే తీరు, ఎవరి ముందు కూర్చోవచ్చు, ఎవరి ముందు నిలబడాలి, అన్నీ అతనికి వచ్చేసి ఉంటాయి.

ఇదంతా ఒక అసలు కాపీ నుంచి దిగేది. ఒక మంచి కంప్యూటరును ఎంచుకుని, దాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసి, ఆ నకలునే మిగతావాటిలో నింపడం పద్ధతి. ఏది మంచిదో తేల్చడానికి ఫిర్యాదుల రిజిస్టరు చూశారు. పంతొమ్మిదేళ్లలో ఒక్క ఫిర్యాదూ రాయని సీటు ఒకటే తేలింది. అది సూపరింటెండెంటు సత్యవేణిది. నకలు తీసే ముందు మనిషి యంత్రం నుంచి తప్పుకోవాలని నిబంధన ఉంది. త్రిమూర్తులు లాగౌట్ అవమన్నాడు, ఆమె అయింది. కళ్లద్దాల పెట్టె తీసెయ్యమన్నాడు, తీసింది. మౌస్ మీంచి చెయ్యి తియ్యమని ఎవరూ చెప్పలేదు కనుక తియ్యలేదు. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల చినుకులు మొదలయ్యాయి. ఆమెకు చనిపోయిన తల్లి గుర్తొచ్చింది. నకలు పూర్తయింది.

జూన్‌లో నలభైమంది కొత్తవాళ్లు చేరారు. నాలుగో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. హాల్లో నలభై తలలు ఒకేసారి కిటికీ వైపు తిరిగాయి. నలభై కుర్చీలు ఒకే చప్పుడుతో వెనక్కి జరిగాయి. అందరూ సగం లేచి, డాబా మీద ఆరబెట్టినవేవో ఎత్తబోతున్నట్టు చేతులు చాచి ఆగిపోయారు. ఆ భవనానికి డాబా మీదికి మెట్లే లేవు.

గుమ్మంలో నిలబడిన సత్యవేణి ఆ చేతుల తీరు గుర్తుపట్టింది. ముందు వరసలో ఏసురత్నం ఉన్నాడు. జిల్లా జట్టులో కబడ్డీ ఆడి వచ్చిన ఆరడుగుల మనిషి. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మేడం గారూ, ఎవరో పిలిచినట్టుందండి," అన్నాడు.

"ఎవరు?"

"అమ్మండి."

"మీ అమ్మగారా?"

"కాదండి. మా అమ్మ నన్ను ఒరేయ్ దున్నపోతా అంటదండి. ఈవిడెవరో 'వేణీ, వానొచ్చేత్తందే, వడియాలు తీసెయ్యవే' అంటున్నారు. ఆ చివర్లో నవ్వొకటి ఉందండి, ఏం నవ్వండీ బాబూ!"

ఆ నవ్వు గురించి సత్యవేణి ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. తల్లి పోయి ఇరవైయారేళ్లు. గొంతు పట్టిన టేపు గానీ, విన్న బంధువు గానీ మిగల్లేదు. భూమ్మీద ఆ గొంతు ఉన్న చోటు తన తల ఒక్కటే అని ఆమెకు తెలుసు. అందుకే జ్వరం వస్తే భయపడేది. జ్వరానికి అది చెరిగిపోతుందేమోనని. ఇప్పుడది నలభై ఒక్క చోట్ల ఉంది. తనలో గవ్వంత అనుకున్నది ఇంతమందిలో పట్టి, ఇంకా మిగిలి ఉండటం చూసి ఆమె గోడ పట్టుకుంది. ఆ రోజు నుంచి మబ్బు వేసినప్పుడల్లా ఏదో ఒక కాగితం వంకతో హాలు గుమ్మం దాకా వెళ్లి నిలబడేది.

ఆగస్టులో డిప్యూటీ డైరెక్టరు ప్రభుదాసు ఆమెను పిలిచారు. పదకొండు నిమిషాలు తొమ్మిది కావాలని పైనుంచి ఉత్తరువు. ఏది ఎంతసేపు తీసుకుంటోందో త్రిమూర్తులు జాబితా తెచ్చాడు.

"పటాలన్నీ కలిపి నిమిషం నలభై సెకన్లండి," అన్నాడు. "మీ అమ్మగారొక్కరే రెండు నిమిషాలండి."

"ఒక్క గొంతుకి అంతసేపా?" అన్నారు ప్రభుదాసు.

"గొంతు చిన్నదేనండి. దాన్ని కదిపితే వెనకాల అన్నీ కదుల్తున్నాయండి. వాన వాసన, లెక్కల పరీక్షంటే భయం, మనుషుల్ని నమ్మడం... అన్నీ దానికే ముడేసి ఉన్నాయండి. ఎవరు కట్టారో గానీ, అలా కట్టడం మా చేతుల్లో అయ్యే పని కాదండి." అతని గొంతులో సాటి పనివాడి మీద గౌరవం వినిపించింది.

ప్రభుదాసు ఒక ధ్రువీకరణ పత్రం ముందుకు జరిపారు. "పైన పేర్కొన్న గొంతు కార్యాలయ విధులకు అవసరం లేదు" అని ఉంది అందులో. "బలవంతం లేదమ్మా. సోమవారం లోపు చూసి చెప్పండి."

"తీసేస్తే నాలో ఉన్నది ఉంటుందా?" అని సత్యవేణి త్రిమూర్తుల్ని అడిగింది.

"సోమవారం పదింటికి అందరూ అసలు కాపీతో సరిచూసుకుంటారు కదండి. అందులో లేనిది ఎవరి దగ్గరున్నా పొరపాటు కిందే లెక్కండి. దిద్దేత్తది."

"అసలు కాపీ నేనే కదా?"

"మీరు కాదండి మేడం గారూ. మీ దగ్గర తీసిందంతే. అసలు సర్వర్లో ఉంటదండి."

ఇవ్వనని అనాలని ఆమెకు మొదటిసారి అనిపించింది. కానీ ఆ మాట ఒంట్లో ఎక్కణ్ణుంచి లేవాలో తెలియలేదు. ఎప్పుడూ ఎత్తని బరువుకు ఏ కండరం కావాలో ఎలా తెలుస్తుంది? నలభైమందిలో ఒక్కరైనా అంటే, వాళ్ల వెనక నిలబడవచ్చు అనుకుంది. శనివారం ఆ పత్రం హాల్లోకి తీసుకెళ్లి చదివింది. నలభై ముఖాలు వాడిపోయాయి. ఆ వాడిపోవడాన్ని ఆమె అంతకుముందు అద్దంలో తప్ప చూడలేదు.

"వద్దని రాసిద్దామా?" అంది.

కొందరు పెన్ను మూతలు తీసి, మళ్లీ పెట్టేశారు.

"మనకెందుకండి గొడవ," అన్నాడు ఏసురత్నం.

"పైవాళ్లు అడిగారంటే ఏదో కారణం ఉంటుంది కదండీ," అంది పక్క సీటులోని జుబేదా.

"మన ఒక్కరి కోసం ఆపుతారా ఏంటండి," అన్నాడు వెనకనుంచి ఇంకొకరు.

అవన్నీ ఆమె మాటలే. పంతొమ్మిదేళ్లుగా లోపల అనుకున్నవే, అదే వరసలో. లోపల ఉన్నప్పుడు వాటిని మంచితనం అనుకుంది. బయట, వేరే నోళ్లలో విన్నప్పుడు ఆ పేరు అతకలేదు. ఏ పేరు అతుకుతుందో వెతకబోయి, వాళ్లంతా తన వైపే చూస్తుండటంతో ఆపేసింది. తననెందుకు ఎంచుకున్నారో, ఇంతమందిని తనతో ఎందుకు నింపారో అప్పుడు స్పష్టంగా కనిపించింది. కోపం రాలేదు. సముద్రం ఒడ్డున నిలబడ్డప్పుడు కలిగేలాంటిదేదో కలిగింది.

సంతకం పెట్టింది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే నలభైమందీ కళ్లు మూసుకున్నారు. మొదట జుబేదా గొంతులో సన్నగా మొదలైంది. "వేణీ..." ఏసురత్నం బొంగురు గొంతు అందుకుంది. తర్వాత ఆడా మగా అందరూ. వేరు వేరు కంఠాలు, ఒకే పలుకుబడి. చివర్లో నలభై నోళ్లలోంచి ఆ ఒక్క నవ్వు వచ్చింది. ఇరవైయారేళ్ల తర్వాత ఆమె దాన్ని చెవులతో విన్నది. హాలు కిటికీల అద్దాలు సన్నగా అదిరాయి. కాగితాలతో వచ్చిన త్రిమూర్తులు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

సోమవారం పది గంటలకు ఏ నొప్పీ కలగలేదు. తనకు తల్లి ఉండేదని, పేరు, పోయిన తేదీ ఆమెకు గుర్తున్నాయి. సర్వీసు రిజిస్టరుకు అవి కావాలి. పన్నెండింటికి ప్రభుదాసు అభినందన పంపారు. మూడింటికి త్రిమూర్తులు మరో జాబితా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తొమ్మిది కూడా ఎక్కువేనటండి. తొందరేం లేదండి. చూసి పెట్టండి," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

ఆమె అప్పుడే పెన్సిలు తీసింది. మొదటిసారి రైలెక్కడం, పదహారు సెకన్లు. టిక్కు పెట్టింది. పచ్చి మామిడికాయ వాసన, తొమ్మిది సెకన్లు. టిక్కు పెట్టింది. మూడోదాని ఎదుట పేరు లేదు. ఒక మనిషి, నలభై సెకన్లు, అని మాత్రమే ఉంది. ఎవరా అని కాసేపు ఆలోచించింది. ఆఫీసు వేళ అని గుర్తొచ్చి, దానికీ టిక్కు పెట్టింది.